వాసన వచ్చిందా, మాస్టారూ?

2024 జూలై 1వ తేదీన ఇండియన్ పీనల్ కోడ్ అనే పాత గ్రంథం అటకెక్కి, దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. రాజద్రోహం ఏమయింది, హత్యానేరానికి కొత్త సంఖ్య ఏది అని పత్రికలన్నీ వెదుకుతుండగా, నేను మాత్రం 510వ సెక్షన్ ఎక్కడికి పోయిందా అని వెదికాను. అది ఎవరూ పట్టించుకోని చిన్న సెక్షన్. తాగిన మైకంలో బహిరంగ స్థలంలోకి గాని, తాను అడుగుపెట్టరాని చోటికి గాని వచ్చి, ఇతరులకు చికాకు కలిగించే విధంగా ప్రవర్తించినవానికి ఇరవై నాలుగు గంటలకు మించని సాధారణ కారాగారం, లేదా పది రూపాయలకు మించని జరిమానా, లేదా రెండూ. ఇంతే దాని సారాంశం. 1860లో రాసిన ఆ పది రూపాయలు 2024 జూన్ 30 దాకా పది రూపాయలుగానే ఉన్నాయి. కొత్త సంహితలో అది 355వ సెక్షన్ అయింది. ఇరవై నాలుగు గంటలు అలాగే ఉన్నాయి. పది రూపాయలు వెయ్యి రూపాయలయ్యాయి. వీటికి బదులుగా సమాజసేవ చేయించవచ్చునన్న మాట కొత్తగా చేరింది.

తెలుగు పండితునికి తాగుబోతుల సెక్షన్‌తో పనేమిటని మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది. దాన్ని చివర చెబుతాను. ముందు చరిత్ర.

చరిత్ర కంటే ముందు, అలవాటు మానలేక, రెండు మాటల పుట్టుపూర్వోత్తరాలు. మద్యము, మదము, మత్తుడు, ఉన్మాదము, ప్రమాదము ఇవన్నీ 'మద్' అనే ఒకే ధాతువు సంతానం. ప్రమాదమంటే ఈనాడు మనకు బస్సు బోల్తా పడటం. సంస్కృతంలో దాని మొదటి అర్థం ఏమరుపాటు. మద్యానికీ ప్రమాదానికీ గల చుట్టరికాన్ని పాణినీయులు రవాణా శాఖ కంటే చాలా ముందే గుర్తించారన్నమాట! ఇక అబ్కారీ. ఫార్సీలో 'ఆబ్' అంటే నీరు. ఆబ్‌కారీ అంటే నీటి పని. సారా వ్యవహారానికి ఇంత నిర్మలమైన పేరు పెట్టిన గుమాస్తా ఎవరో గాని రసికుడు. నిషాకూ నిషేధానికీ శబ్దసామ్యమే తప్ప బంధుత్వం లేదు. అయినా మన రాష్ట్ర చరిత్రలో ఆ రెండూ ఒకదాని చెయ్యి ఒకటి ఎప్పుడూ వదలలేదు.

మన ప్రాచీనులు తాగినవాణ్ణి ఏం చేశారు? మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో సురాపానం చేసిన మహాపాతకి నొసట సురాధ్వజం, అనగా కల్లు దుకాణపు గుర్తు, కాల్చి వేయమన్నది. అక్కడ తప్పంతా తాగినవానిదే. నుదుటి మీదే రాసి ఊరంతా తిప్పడం. కౌటిల్యుని దారి వేరు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో సురాధ్యక్షుడనే ఉద్యోగికి ఒక ప్రకరణమే ఉన్నది. పానశాలలో వేర్వేరు గదులుండాలి, పడకలూ ఆసనాలూ వేరుగా ఉండాలి, గంధమూ పూలమాలలూ నీరూ ఉండాలి, ఋతువుకు తగిన సౌఖ్యం ఉండాలి. అంతటితో ఊరుకోలేదు. వచ్చినవాడు మామూలుగా ఎంత ఖర్చు పెడుతున్నాడు, ఈవేళ ఎందుకింత పెడుతున్నాడు అని గమనించే గూఢచారులు ఉండాలి. మంచి నడవడి కలవాడని నలుగురికీ తెలిసినవాడు మాత్రమే కొద్ది కొలతతో బయటికి తీసుకొని పోవచ్చు, మిగిలినవారు అక్కడే తాగిపోవాలి. నాకు అన్నిటికంటే నచ్చినది ఇంకొకటి. తాగి ఒళ్ళు తెలియక అక్కడే నిద్రపోయినవాని నగలో, బట్టలో, బంగారమో పోతే, దుకాణదారుడు ఆ సొమ్ము ఇచ్చుకొని, అంత మొత్తమూ రాజుకు దండుగ కట్టాలి.

మనువు తాగినవాని నుదురు చూశాడు. కౌటిల్యుడు అమ్మినవాని మొగం కూడా చూశాడు. ఆ తరువాత ఇరవై శతాబ్దాల చట్టాలు ఈ రెండింటి మధ్యనే ఊగులాడాయని నా అభిప్రాయం. ఎక్కువసార్లు మనువు వైపే ఒరిగాయి.

510వ సెక్షన్ మన దేశంలో పుట్టినా దాని వంశం ఇంగ్లండుది. అక్కడ 1606లో, మొదటి జేమ్సు రాజు కాలంలో, తాగుబోతుతనాన్ని జుగుప్సాకరమైన పాపమని పేరుపెట్టి మరీ ఒక చట్టం చేశారు. ఐదు షిల్లింగుల జరిమానా. కట్టలేనివాణ్ణి ఆరు గంటలపాటు బొండకొయ్యలో బిగించేవారు. ఆ దేశపు 1872 నాటి లైసెన్సింగ్ చట్టంలో తాగి గుర్రాన్నీ, బండినీ, పశువులనూ, ఆవిరి యంత్రాన్నీ అదుపులో ఉంచుకోవడం కూడా నేరమే. మెకాలే ఆధ్వర్యంలోని లా కమిషన్ 1837లో చిత్తుప్రతి సిద్ధం చేయగా, మన శిక్షాస్మృతి 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమలయింది. పది రూపాయలంటే ఆనాడు మామూలు కూలివానికి నెల రోజుల కష్టం కంటే తక్కువేమీ కాదు. కాబట్టి అది తేలికపాటి జరిమానా అని మనం ఇప్పుడు నవ్వుకోవడం తగదు. కాలం దాన్ని తేలిక చేసింది.

ఆ సెక్షన్‌లో ఒక న్యాయం ఉన్నది. దాన్ని గట్టిగా చెప్పాలి. అది తాగడాన్ని నేరమనలేదు. తాగి వీధిలో నడవడాన్ని కూడా నేరమనలేదు. తాగి ఎవరినో ఒకరిని చికాకు పెట్టాలి. అప్పుడే నేరం. వాసన చాలదు, తూలడం చాలదు. బాధపడిన మనిషి ఒకడు ఉండాలి. పైగా వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరాల్లో అది లేదు. ఒక పూట ఖైదుకూ పది రూపాయలకూ మేజిస్ట్రేటు దగ్గరకు ఎవరు తిరుగుతారు? అందుకే ఆ సెక్షన్ పుస్తకంలో ఎక్కువగా నివసించింది. ఆ మరుసటి ఏడే వచ్చిన 1861 పోలీసు చట్టం ఈ లోటు తీర్చింది. దాని 34వ సెక్షన్ ప్రకారం వీధిలో తాగి కనబడినవాణ్ణీ, తన్ను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణీ వారంటు లేకుండానే పట్టవచ్చు. యాభై రూపాయలు లేదా ఎనిమిది రోజులు.  కానిస్టేబులు కన్ను చాలు. మన మద్రాసు రాజధానికి పోలీసు చట్టాలు వేరుగా ఉండేవి గాని దారి అదే.

అదే సమయంలో సర్కారు రెండో చేత్తో పాటలు పాడించుకొంటూ ఉండేది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద దుకాణాలకు వేలం పాట, గీసే చెట్టుకు పన్ను. పాట ఎంత పెరిగితే ఖజానాకు అంత లాభం. పాట పెరిగితే దుకాణదారుడు అంత ఎక్కువ తాగించాలి. తాగినవాడు వీధిలో పడితే జరిమానా కూడా ఆ ఖజానాకే. ఏ అలంకారికుడూ దీనికి పేరు పెట్టలేదు గాని పెట్టవలసిన అలంకారమే.

ఈ రెండు చేతుల వ్యవహారం తప్పని గుర్తించి మొదటి చేతిని ఆపినవాడు రాజాజీ. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ఆరంభమయింది. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. పోయిన అబ్కారీ రాబడికి బదులుగా 1939లో ఆయనే అమ్మకపు పన్ను తెచ్చాడు. నేడు మనం కొనే సరుకులకు కట్టే పన్నుల తల్లివేరు ఆ కల్లుకుండలోనే ఉన్నదంటే నా విద్యార్థులు నమ్మేవారు కారు. యుద్ధకాలంలో నిషేధం ఆగి, యుద్ధం ముగిశాక ప్రకాశంగారి మంత్రివర్గం కాలంలో మళ్ళీ మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి రాజధాని అంతటా పరచుకొన్నది.

నిషేధంతో తాగుబోతు చట్టం స్వరూపమే మారిపోయింది. ఇక చికాకు అక్కరలేదు, తూలిపడటం అక్కరలేదు, బహిరంగ స్థలమూ అక్కరలేదు. తాగడమే నేరం. అయితే తాగాడని ఎలా తెలియాలి? తాగుతుండగా పట్టుకోవడం దుర్లభం. కనుక నోరు వాసన చూడాలి. చట్టానికి కన్ను పోయి ముక్కు వచ్చింది.

నేను పుట్టింది 1958లో, కృష్ణా జిల్లా పడమటి కొసన, జగ్గయ్యపేటకు ఆమడ దూరంలో. నా పదకొండో ఏటి దాకా మా ప్రాంతమంతా నిషేధమే. కాని 1956లో రాష్ట్రం ఒకటైనా చట్టం ఒకటి కాలేదు. పొలిమేర దాటితే నల్లగొండ జిల్లా. అటు నిజాం కాలపు అబ్కారీ సంప్రదాయమే సాగుతూ కల్లూ సారా నిక్షేపంగా అమ్మేవారు. ఇటు కోస్తా, రాయలసీమ జిల్లాల్లో చుక్క ముట్టరాదు. ఒకే ముఖ్యమంత్రి, ఒకే శాసనసభ, ఒకే పోలీసు టోపీ. నడుమ ఒక గట్టు. మా ఊళ్ళో సంత రోజున కోదాడ వైపు నడిచేవారి చేతుల్లో సంచులు ఉండేవి కావని మా నాయనమ్మ నవ్వేది. వెళ్ళినవారు అటువైపే చింతచెట్ల కింద పడుకొని, మత్తు దిగాక చీకటి పడ్డాక ఇటు వచ్చేవారు. తొందరపడి వచ్చినవాడు పట్టుబడేవాడు. అక్కడ తాగినది తప్పు కాదు, ఇక్కడ ఆ వాసన మోసుకురావడం తప్పు. తాగినవాని కడుపులో ఉన్న ద్రవానికి ఏ జిల్లా చట్టం వర్తిస్తుందని మా నాన్నగారు ఒక ప్లీడరుగారిని అడిగితే, ఆయన చుట్ట ఆర్పి, "కడుపు ఎక్కడ ఉంటే ఆ జిల్లాది" అన్నారట. అది న్యాయశాస్త్రమో చమత్కారమో నేను నిర్ణయించలేను.

ఈ నిషేధం సామాన్యుని నోరే కాదు, ప్రభుత్వాన్ని కూడా వాసన చూసింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో నిషేధం అమలు తీరు విచారించడానికి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన వేసిన సంఘం, ఇది విఫలమయింది, ఎత్తివేయండి అని సలహా ఇచ్చింది. ప్రకాశంగారి ప్రభుత్వం ఆ సలహా పాటించలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పోరాడుతున్నాడు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గి, ఆంధ్రుల తొలి ప్రభుత్వం పడిపోయింది. ఆ చర్చలో గాంధేయ సిద్ధాంతం ఒక పక్క, తాటిచెట్టు ఎక్కి బతికేవాని కూడు ఒక పక్క. నిషేధం వచ్చిన నాటినుంచి ఆ చెట్టు ఎక్కేవాడు కూడా నేరస్థుల జాబితాలోనే ఉన్నాడు. లచ్చన్న వాదంలో నాకు నేటికీ బలం కనబడుతుంది. చిన్నతనంలో మా ఇంట్లో ఈ మాట అంటే చెంప పగిలేది.

1968లో ఎక్సైజు చట్టం వచ్చి, 1969లో నిషేధం తొలగిపోయింది. ఆ తరువాతి కథ మిత్రులందరికీ తెలిసినదే కనుక త్వరగా దాటుతాను. పాటలు తిరిగి వచ్చాయి. 1980లలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వ సారా పొట్లాల్లో పల్లెలకు నడిచి వెళ్ళింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దుకాణం మూయించారు. ఉపాధ్యాయుడిగా ఒక్కమాట మాత్రం చెప్పుకోవాలి. వయోజన విద్యా వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివి వారు కదిలారు. మేము ఏళ్ళ తరబడి చెప్పిన ఏ పాఠమూ అంత పని చేయలేదు. వారు తాగిన మొగుళ్ళను వీధిలో పట్టించి ఊరుకోలేదు. అమ్మే దుకాణాన్నీ, వేలం పాటనూ అడ్డుకొన్నారు. తెలిసో తెలియకో కౌటిల్యుని వైపు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. 1995 జనవరి 16 నుంచి రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించింది. ఆ చట్టం అమ్మడం, కొనడం, తాగడం మూడింటినీ ఒకే వరుసలో నిషేధించింది. కాగితం మీద మూడూ సమానమే.

ఇప్పుడు నా సంగతి.

1996లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఎండాకాలం ఇంకా ముదరలేదు. చివరి గంట కొట్టాక స్టాఫు గదిలో ఉండగా ఒక హెడ్ కానిస్టేబులు వచ్చి, మర్యాదగానే, "మాస్టారూ, మధ్యవర్తిగా ఒక సంతకం కావాలి, రెండు నిమిషాలు" అన్నాడు. ప్రభుత్వోద్యోగి సంతకమైతే కోర్టులో నిలుస్తుందట. కాలవగట్టు మీద పడుకొని ఉన్న మనిషిని తెచ్చి మా బడి అరుగు మీద కూర్చోబెట్టారు. చూస్తే మా పదో తరగతి పిల్లవాని తండ్రి. కూలి పని చేసుకొనేవాడు. నన్ను చూసి లేచి నిలబడబోతే కానిస్టేబులు భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

నివేదిక అప్పటికే రాసి ఉన్నది. మా సమక్షంలో అన్నమాటే గాని మేము రాక ముందే రాసినది. ముద్దాయి నోటి నుండి మద్యపు వాశన వచ్చుచున్నదనీ, మాట తడబడుచున్నదనీ, నడక తూలుచున్నదనీ అందులో ఉన్నది. నేను ఆ మనిషికి నాలుగు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. దగ్గరకు పోయి వాసన చూడలేదు. ఒక మనిషి నోటి దగ్గర ముక్కు పెట్టడం, అందులోనూ పిల్లవాని తండ్రి నోటి దగ్గర, నాకు తలవంపుగా తోచింది. నడిపించి చూడలేదు. "వాసన వచ్చిందా, మాస్టారూ?" అని అతను అడిగాడు. ఏదో తలూపాను. కాగితం చేతికిచ్చాడు. నా కన్ను సహజంగా తప్పు మీద పడింది. జేబులోంచి కలం తీసి 'వాశన'ను 'వాసన' అని దిద్దాను. దిద్ది, కింద సంతకం పెట్టాను. హెడ్ కానిస్టేబులు సంతోషించి, "అందుకే తెలుగు మాస్టారిని పిలిచింది" అన్నాడు. నేను కూడా సంతోషించానని ఒప్పుకోవాలి.

ఆ మనిషికి జామీను ఇచ్చేవారు దొరకక పన్నెండు రోజులు సబ్‌జైలులో ఉన్నాడు. పిల్లవాడు బడికి రావడం మానేశాడు. ప్లీడరు ఫీజు కోసం మిరప కోతకు పోతున్నాడని తోటి పిల్లలు చెప్పారు. పరీక్షకు కట్టిన రుసుము వృథా అయింది. పరీక్షలు అయిపోయిన కొన్ని నెలలకు నాకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఇస్త్రీ బట్టలు కట్టుకొని, అడిగితే ఏం చెప్పాలో రాత్రంతా తలపోసి వెళ్ళాను. వాసన వచ్చిందని చెప్పాలా, చూడలేదని చెప్పాలా అన్నది బస్సు దిగేదాకా తేలలేదు. తేలవలసిన అవసరం రాలేదు. పేరు పిలవగానే ఆ మనిషి చేతులు జోడించి, తప్పయింది, ఒప్పుకుంటున్నాను అన్నాడు. వాయిదాకొక కూలి పోగొట్టుకోవడం కంటే ఒప్పుకొని జరిమానా కట్టడం చవక అని అందరూ అతనికి చెప్పి ఉంటారు. అది నిజం కూడా. బయట మెట్ల దగ్గర ఎదురుపడి, "మీకు ఒక పూట పని చెడింది పంతులుగారూ" అన్నాడు. అతని మాట తడబడలేదు.

ముక్కు మీద ఆధారపడరాదని మన న్యాయస్థానాలు అప్పటికి ఎన్నడో చెప్పి ఉన్నాయని నాకు తరువాత, పుస్తకాలు తిరగేసినప్పుడు తెలిసింది. బొంబాయిలో నిషేధం అమలులో ఉన్న రోజుల్లో ఒకాయన జీపుతో మనుషులను గుద్దాడు. నోరు వాసన వచ్చింది, కనుపాపలు పెద్దవై ఉన్నాయి, కాని మాట తిన్నగా ఉన్నది, గీత మీద తిన్నగా నడిచాడు. తాను తాగింది మందు టానిక్కు అన్నాడు. సుప్రీంకోర్టు 1954లో, అది నిషిద్ధమైన మద్యమేనని రుజువు చేసే భారం ప్రభుత్వానిదేనని, నిషేధ నేరం నుంచి అతణ్ణి విడిచిపెట్టింది. ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయిన సంవత్సరమే అది. దానితో బొంబాయి ప్రభుత్వం 1959లో చట్టం సవరించి, రక్తంలో ఆల్కహాలు నూటికి 0.05 శాతానికి తగ్గకుండా ఉంటే మద్యం కాదని నిరూపించుకొనే భారం ముద్దాయిదే అన్నది. మత్తుకు అంకె వచ్చింది. 1971లో మహారాష్ట్ర నుంచి వచ్చిన మరొక కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ఊపిరిలో వాసన, తూలే నడక, తడబడే మాట, విప్పారిన కనుపాపలు ఇవన్నీ కలిసినా, రక్తపరీక్షా మూత్రపరీక్షా చేయకుండా తాగాడని తేల్చరాదు. నేను సంతకం పెట్టిన నివేదికలోని మూడు వాక్యాలూ ఆ నాలుగింటిలోనివే. ఇరవై అయిదేళ్ళ ముందే చెల్లవని తేలిన వాక్యాలకు నేను అక్షరదోషం దిద్దాను.

1997 ఏప్రిల్ 1న నిషేధం ఎత్తివేశారు. ఆ పైన చట్టం దృష్టి వీధిలో తూలేవాని మీద నుంచి బండి నడిపేవాని మీదకు మళ్ళింది. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌కు 1994లో వచ్చిన సవరణతో, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికి రెండు వేల రూపాయల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. 2019 సవరణతో ఆ జరిమానా పది వేలయింది. హైదరాబాదులో పట్టుబడినవారు ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగుకు కూర్చోవాలి. ఇంటివారిని వెంటబెట్టుకొని రమ్మనడం ఆ పద్ధతిలో ఒక భాగం. రాత్రివేళ రోడ్డు మీద గొట్టం నోటికి పెట్టి ఊదమంటారు. అంకె కనబడుతుంది. మాస్టారు అక్కరలేదు. ఇది మేలైన పద్ధతి. తాగి నడిపేవాడు ఎదుటివాని ప్రాణం తీయగలడు కనుక చట్టం కఠినంగా ఉండటమే న్యాయం. నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు. యంత్రానికి కులం తెలియదు, కూలివాడో కారు యజమానో తెలియదు.

దానికి తెలియనిది ఇంకొకటి కూడా ఉన్నది: ఎక్కడ తాగించారు అన్నది. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో చిల్లర దుకాణాల్లో అమ్మినది స్వయంగా ప్రభుత్వమే. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి ఆ దుకాణాలు తెరిచినప్పుడు, విశాఖపట్నం జిల్లాలో కొందరు ప్రభుత్వోపాధ్యాయులను వాటి ముందు వరుసలు సరిచేసే పనికి వేశారని పత్రికల్లో చదివాను. నేను 2018లోనే పదవీ విరమణ చేశాను గనుక తప్పించుకొన్నాను. ఆ ఉపాధ్యాయుల ఫోటో చూస్తూ వారి మీద జాలిపడబోయి, నా అరుగు గుర్తుకు వచ్చి ఆగిపోయాను.

కొత్త 355వ సెక్షన్‌లో చికాకుపడిన మనిషి ఉండాలన్న నియమం అలాగే నిలిచింది. చదివి ఊపిరి పీల్చుకొన్నాను. సమాజసేవ అంటే జీతం లేని పని, కోర్టు చెప్పిన చోట. ఒక పూట కూలి పోవడం కూలివానికి మామూలే గాని, సబ్‌జైలులో పన్నెండు రోజుల కంటే ఎన్నో రెట్లు నయం. 1996లో కాలవగట్టు మీద నిద్రపోతున్న ఆ మనిషి ఎవరికి చికాకు కలిగించాడని నేనింకా వెదుకుతున్నాను. పక్కన నీళ్ళు పోతున్నాయి, అంతే.

చివర చెబుతానన్న దానిలో ఒక ముక్క మిగిలి ఉన్నది. ఆ సాయంత్రం, నేను కలం మూత పెడుతుండగా, ఎక్కడ తాగావురా అని హెడ్ కానిస్టేబులు అతణ్ణి అడిగాడు. అతను నా ఎదుటనే, తడబడకుండా, ఇంటిపేరుతో సహా ఒక మనిషి పేరు చెప్పాడు. ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన పేరే. అప్పటికే నా చేతిలో ఉన్న నివేదిక చివరి పంక్తిలో, మద్యము ఎవరి వద్ద కొన్నదీ ముద్దాయి చెప్పలేకపోయినాడు అని రాసి ఉన్నది. అందులో అక్షరదోషమేమీ లేదు. నేను దాన్ని దిద్దలేదు.